రొయ్యలో మందు శేషము: కొలతలో పొరపాటు కలుగకుండుట ఎట్లు?

గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులలో పెరిగిన రొయ్యయు, అండమాన్ దీవుల వద్ద జాలరులు సముద్రమున పట్టిన రొయ్యయు వంటయింట ఒకే తీరున కన్పట్టును. చెరువు రొయ్యకు తెగులు సోకినపుడు మందు వేయుట సంభవము. సముద్రపు రొయ్యకు మందు వేయువారు లేరు. అయినను, పరీక్ష సరిగా జరుగనిచో, ఈ రెండవది కూడ మందు సోకినదిగా తేలవచ్చును. ఇందలి కారణమును రైతులు, జాలరులు, కొనుగోలుదారులు తెలిసికొనుట మేలు.

నైట్రోఫ్యూరాన్ జాతి మందులు ఒకప్పుడు చేపల, రొయ్యల పెంపకమున విరివిగా వాడబడెను. జంతువులపై జరిగిన పరిశోధనలలో వీనివలన క్యాన్సరు భయము కలదని తేలగా, పెక్కు దేశములు వీనిని నిషేధించినవి. రొయ్యలను, చేపలను శుద్ధిచేయు కర్మాగారములలో వీని వాడుకను మన దేశపు 2011 నాటి ఆహార నిబంధనలు నిషేధించినవి.

ఈ మందు శరీరమున కొద్ది గంటలలోనే మాయమగును. కాని దాని శేషము మాంసకృత్తులను అంటిపెట్టుకొని వారముల తరబడి నిలుచును. పరీక్షకులు వెదకునది ఈ శేషమునే. నైట్రోఫ్యూరజోన్ అను మందు శేషమునకు సెమికార్బజైడు అని పేరు. యూరోపియన్ యూనియనులో 2022 నవంబరు నుండి దీనికి కిలోకు 0.5 మైక్రోగ్రాము హద్దు. అనగా రెండువేల టన్నుల మాంసములో ఒక్క గ్రాము! ఇంత స్వల్ప పరిమాణమును పట్టుకొనునది మాస్ స్పెక్ట్రోమీటరు. ఇది అణువులకు విద్యుదావేశము కల్పించి, ద్రవ్యరాశిని బట్టి వానిని వేరుచేసి లెక్కించును.

యంత్రము సెమికార్బజైడును గుర్తించును గాని, అది ఎచటి నుండి వచ్చినదో చెప్పజాలదు. రొయ్య పెంకులో ఈ పదార్థము సహజముగనే ఉండవచ్చును. బ్లీచింగు ద్రావణము తగిలిన ఆహారములో కూడ ఇది పుట్టగలదు. కావున పెంకును పూర్తిగా తీసి, లోపలి మాంసమును మాత్రమే పరీక్షింపవలెను. ఇందువలన నిజమైన దోషము మరుగుపడదు. మందు శేషము మాంసములో నిలిచియే యుండును. మాదిరిని బ్లీచింగు నీటితో కడుగరాదు. దానిని శుభ్రమైన సంచిలో గడ్డకట్టించి పంపవలెను. అండమాన్ వంటి దూరపు దీవుల నుండి ఓడలో రెండు మూడు దినములు ప్రయాణింపవలసి వచ్చినచో, మాదిరి కరగకుండ మరింత జాగ్రత్త అవసరము.

పరీక్షాలయమునకును కొన్ని విధులు కలవు. మాంసములోని ఇతర పదార్థములు యంత్రపు సంకేతమును అణచి, ఉన్న శేషమును తక్కువగా చూపవచ్చును. అందుచే బరువైన ఐసోటోపులతో చేసిన సెమికార్బజైడును తెలిసిన పరిమాణములో మొదటనే కలిపి, దానితో పోల్చి లెక్కకట్టుదురు. ఒక్క గుర్తును నమ్మక, రెండు అణుశకలముల నిష్పత్తిని, అవి వెలువడు కాలమును సరిచూతురు. మందు లేని మాదిరిని, తెలిసిన పాళ్లలో శేషము కలిపిన మాదిరిని ప్రతి జట్టుతో పాటు పరీక్షింతురు. మొదటిదానిలో శేషము కనబడినను, రెండవదానిలో లెక్క తప్పినను ఆ జట్టు ఫలితములను విడిచి, పరీక్ష మరల చేయవలెను.

లేని మందు ఉన్నదన్నచో రైతు పంట నిష్కారణముగా తిరస్కరింపబడును. ఉన్న మందు లేదన్నచో అది తినువారి కంచమును చేరును. కావున రైతులు పేరు, కూర్పు తెలియని మందులను చెరువులో వేయరాదు. వాడిన ప్రతి మందును పుస్తకములో వ్రాసికొనవలెను. ఫలితము దోషమని వచ్చినపుడు, మాదిరిని పెంకు తీసి పరీక్షించిరా యని అడుగుట వారి హక్కు.