పాతకారుకు క్రొత్త కొయ్యచట్రము

1908 మొదలు 1927 వఱకు తయారైన ఫోర్డు టీ మోడలు వంటి పాతకార్లలో పెక్కింటి బాడీ, కొయ్యచట్రముపై రేకు తొడిగినదే. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి తేమయు, చెదలును ఆ కొయ్యను లోలోపల తినివేయును. పైరేకు నిగనిగలాడుచున్నను తలుపు వ్రాలినచో సందేహింపవలెను.

వడ్రంగి చట్రమునంతయు ఒక్కసారి ఊడదీయరాదు. తీసినచో రేకు వంగి, తలుపులు మరల సరిపడవు. మొదట ద్వారములకు అడ్డుకఱ్ఱలు బిగించి, క్రుళ్లిన ముక్కల నొక్కొక్కటిగా తీసి, వాని యాకారమునే క్రొత్తకొయ్యపై గీయవలెను. ఇంగ్లండులో ఇందుకు ఆష్ అను కొయ్యను వాడుదురు. మనకు బాగుగా ఆరిన టేకు తగును. జిగురు పెట్టి, మరమేకులు బిగించి, తలుపు మూసి చూచిన పిమ్మటనే తరువాతి ముక్కను ముట్టవలెను.

విద్యార్థులారా! పుచ్చిన ముక్కయే క్రొత్తముక్కకు గురువు. దానిని ముందే పొయ్యిలో పెట్టినవానికి కొలత దొరకదు.