మగ్గం మానకుండా నడుము నొప్పి తగ్గేదెలా?

గుంట మగ్గం మీద పాతికేళ్ళు నేసినవారిలో నడుము నొప్పి ఎరగనివారు అరుదు. "ఇది మా పనితో వచ్చిన జబ్బు, చచ్చేదాకా పోదు" అని వారే తేల్చేసుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళితే "కొన్నాళ్ళు మగ్గం ఎక్కకండి" అంటారు. చీర కోసి ఇస్తేనే కూలి చేతికొచ్చే ఇంట్లో ఆ సలహా ఏం చేసుకోను? అందుచేత, పని చేసుకుంటూనే ఏం చేయవచ్చునో చూద్దాం.

గుంటలో కాళ్ళు పెట్టుకుని, ముందుకు వంగి, ఒక చేత్తో నాడె తాడు లాగుతూ, రెండో చేత్తో పలక కొడుతూ గంటల తరబడి కూర్చుంటారు కదా. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. పెద్దవారిలో వీటి లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. శరీరం కదులుతూ ఉండడమే వాటి పోషణకు తోడ్పడుతుంది. వంగి అలాగే కూర్చుంటే వాటిమీద ఒత్తిడి పెరుగుతుంది, వీపు కండరాలు అలిసిపోయి బిగుసుకుంటాయి.

కనుక మొదట సరిచేయవలసింది మీరు కూర్చునే చెక్కను. మోకాళ్ళు తుంటికన్న ఎత్తుగా ఉంటే నడుము గూనిగా వంగిపోతుంది. చెక్క కింద రెండంగుళాల దిమ్మలు పెట్టి, పైన పాత దుప్పటి నాలుగు మడతలు వేసి చూడండి. పాదాలు తొక్కుడు చెక్కలకు అందకపోతే వాటి తాళ్ళు బిగించి పైకి తెచ్చుకోవాలి. మగ్గాలు బిగించే వడ్రంగికి ఇదేమంత పెద్ద పని కాదు.

అరగంటకోసారి గుంటలోంచి లేవండి. అరచేతులు నడుముమీద ఆనించి మెల్లగా వెనక్కి వంగండి, ఐదారుసార్లు. నిమిషం పట్టదు. కండె మార్చేటప్పుడల్లా భుజాలు వెనక్కి లాగి వదలండి. రాత్రి చాపమీద బోర్లా పడుకుని, మోచేతులమీద లేచి రెండు మూడు నిమిషాలు ఉండండి. నొప్పి కాలిలోకి దిగితే మాత్రం మానేయండి. వేడి కాపడం హాయినిస్తుంది, పెట్టుకోండి. వారాల తరబడి బల్లమీద కదలకుండా పడుకోమనడం పాతకాలపు సలహా; ఇప్పుడు డాక్టర్లు ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టవద్దంటున్నారు.

ఆడవారి బాధ మరొకటి. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏ తైలమూ చేయలేని మేలు ఆ యంత్రం చేసిందని నా అభిప్రాయం. యంత్రం లేని ఇళ్ళలో గంటకోసారి మనిషి మారాలి. మగవారు కూడా ఆసు ముందు కూర్చుంటే తప్పేమీ లేదు!

ఇక మాత్రల సంగతి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడవచ్చు, రక్తపోటు పెరగవచ్చు. పరగడుపున అసలు వద్దు. పేరూ ఊరూ లేని పొడి పొట్లాలలో స్టీరాయిడ్లు కలిపి అమ్మేవారున్నారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి.

నడుము నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి ఉంటే వెన్నుపూసకు క్షయ సోకిందేమో పరీక్ష చేయించాలి. క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు. కాలు తిమ్మిరెక్కి తొక్కుడు చెక్క తొక్కే బలం తగ్గినా డాక్టరుకు చూపించాలి. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. మగ్గంమీద ఉన్న చీర పూర్తయ్యేదాకా ఆగవద్దు.