కారకవివక్షయు రోగకారణ విచారమును

వైయాకరణులు కారకప్రకరణమునఁ దఱచుగ నుదాహరించు దృష్టాంత మొకటి గలదు. వంట యను క్రియ యొక్కటియే. దేవదత్తుఁడు కుండలోఁ గట్టెలతో నన్నము వండుచున్నాఁడనిన దేవదత్తుఁడు కర్త, కట్టెలు కరణము, కుండ యధికరణము. అన్నము నిలువఁబట్టి చక్కఁగ నుడికించునదైనచోఁ గుండయే వండుచున్నదనియు, బాగుగ నెండి మండుచున్నచోఁ గట్టెలే వండుచున్నవనియు నందురు. ఇందొకటి సత్యమై తక్కినవి యసత్యములు గావు. ఏ వ్యాపారమును స్వతంత్రముగఁ జెప్పఁగోరుదుమో దాని కాశ్రయమైనది కర్త యగును. కారకములు వక్తవివక్షకు లోఁబడినవని మావారి సిద్ధాంతము.

నేఁడు వైద్యవిద్యాలయములలోను, అర్థశాస్త్ర సమాజశాస్త్ర శాఖలలోను జరుగు పరిశోధనముల వైవిధ్యమును జూచి, ‘ఒక్క రోగమునకు నిన్ని శాస్త్రము లేల? ఒకరు చెప్పిన కారణమును వేఱొకరు చెప్పరేల?’ యని కొందఱు పండితమిత్రు లడుగుచుందురు. ఆ ప్రశ్నకుఁ బైదృష్టాంతము తోడుగ, మా మాచర్ల సీమకుఁ జేరువఁ జరిగిన పరిశోధనములఁ గొన్నింటిని వివరింపఁ బూనితిని.

పండ్లపైఁ బసుపు, గోధుమ వన్నెల చాఱలు పడుట, వెన్నెముక కట్టెవలె బిగిసి వంగకుండుట, కీళ్లు పట్టుట — ఇవి త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీఱుటచేఁ గలుగు లక్షణములు. మన దేశమున మనుష్యులయందు దీనిని శాస్త్రీయముగ వర్ణించి ప్రకటించిన తొలివారు షార్టు మున్నగు వైద్యులు. అది 1937వ సంవత్సరము. వారు పరీక్షించినది నాఁటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండల గ్రామవాసులను. లీటరు నీట 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గూడదని ప్రపంచారోగ్యసంస్థ నియమము. మన దేశప్రమాణము 1 మిల్లీగ్రామునకు లోఁబడుటయే మేలనియు, వేఱు దారి లేనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియుఁ జెప్పుచున్నది. ఱాతిపొరలలోని ఖనిజములనుండి యిది బావినీటఁ గరఁగును. నీరు చూపునకుఁ దేట. నాలుకకు దోషము దెలియదు. ఇందు బడిపంతుళ్లకొక మాట చెప్పుట యప్రస్తుతము గాదు. పిల్లవాని పండ్లపైఁ జాఱలు గన్నంతనే పండ్లు తోమలేదని దండించుట న్యాయము గాదు. ఆ చాఱలు చిగుళ్లలోఁ బల్లు రూపొందునపుడే పడినవి. ఎంత తోమినను బోవు. వానిని జూచి యడుగవలసినది, ఆ బాలుఁ డే బావినీరు త్రాగి పెరిగెనని.

అంతవఱకు విషయము సులభమే. ఫ్లోరైడే కర్త యని చెప్పి వైద్యులు విరమింపవచ్చును. కాని 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకుఁ జెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు లాన్సెట్ పత్రికలోఁ బ్రకటించిన వ్యాసము విషయమును జిక్కుపఱచినది. ఈ సంస్థ 1918లోఁ గూనూరున మెకారిసన్ చేతి చిన్న పరిశోధనశాలగఁ బుట్టి, 1958లో హైదరాబాదునకుఁ దరలినది. ఆ పరిశోధకులు ఫ్లోరైడు నీరుగల గ్రామములలో నొక క్రొత్త రూపమును గనిరి. ఎదుగుచున్న పిల్లలకు, యువకులకు మోఁకాళ్లు లోపలికి వంగి యొకదానితో నొకటి రాచుకొనుచు, పాదములు దూరదూరముగఁ బడుచుండెను. ఎముకలు గట్టిపడుట ఫ్లోరైడు దోషమునకుఁ బ్రసిద్ధలక్షణము. ఇచ్చట ఎముకలు పలుచనగుటయుఁ గానవచ్చినది. నీటి దోషము పూర్వము నున్నదే. మోఁకాళ్లిట్లు వంగుట కేది క్రొత్తగ వచ్చినది?

ఈ ప్రశ్న వెంటఁ బోయినవారు వైద్యశాల గడప దాఁటవలసివచ్చినది. ఆ గ్రామముల ప్రధానాహారము జొన్న. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. నిలువ నీరును, కాలువల యూటయు నేల లోపలి నీటిమట్టమును బెంచును. మట్టము పెరిగినచోట నేల చౌడుగుణము హెచ్చును. అట్టి నేలలో మాలిబ్డినమను లోహము మొక్కకు సులభముగ నందును. జొన్నగింజలో నది హెచ్చినచోఁ దినువాని శరీరమునుండి తామ్రము మూత్రమునఁ బోవును. తామ్రము కొఱవడిన నెముక బలహీనమగును. ఇట్లు కొందఱు పరిశోధకులు గొలుసు కూర్చిరి. ఈ గొలుసులోఁ బ్రతి కడియమును సమానముగ గట్టిదని చెప్పఁజాలము. దీనిని సిద్ధాంతమనుటకంటె, పూర్వోత్తరపక్షముల నడుమ నున్న వాదమనుట మేలు. ఐనను, ఒక బాలుని మోఁకాలిని జూచి వైద్యుఁడు నీటిశాస్త్రజ్ఞుని, మృత్తికాశాస్త్రజ్ఞుని, వ్యవసాయశాస్త్రజ్ఞుని బిలువవలసివచ్చిన తీరు గమనింపఁదగినది. నీటివాఁడు ఫ్లోరైడును గర్తగఁ జెప్పెను. ఆహారశాస్త్రవేత్త జొన్నను, సున్నపు ధాతువు కొఱతను జెప్పెను. నేలనెఱిఁగినవాఁడు చౌడును జెప్పెను. కుండయు వండినది, కట్టెలును వండినవి.

ఇఁక నర్థశాస్త్రజ్ఞుఁ డడుగునది వేఱు. ఆ యింటివా రేల జొన్న మాత్రమే తినుచుండిరి? పాలు, పప్పు, ఆకుకూర లేల కొఱవడినవి? ఈ ప్రశ్న వైద్యమునకు వెలుపలిదని తలఁచువారికి పెల్లాగ్రా యను రోగముయొక్క చరిత్ర సమాధానము. ఎండ తగిలిన చర్మము నల్లఁబడి పొలుసులూడుట, విరేచనములు, మతిభ్రంశము దీని లక్షణములు. అమెరికా దక్షిణరాష్ట్రములలో నిది ప్రబలియుండఁగా, అంటురోగమని యెందఱో నమ్మిరి. గోల్డ్‌బర్గర్ అను వైద్యుఁడు 1914లో విచారణకు నియుక్తుఁడై, అనాథశాలలలో రోగము పిల్లలకు వచ్చుచుండఁగా వారిని గాచు దాదులకు రాకుండుట గమనించెను. అంటురోగమైనచో దాదుల నేల విడుచును? 1916లో నతఁడు సైడెన్‌స్ట్రికర్ అను నర్థశాస్త్రజ్ఞునితోఁ గలిసి దక్షిణ కరోలినా నేఁతమిల్లుల గ్రామములలో నింటింటి యాదాయమును, ఇంటింటి యాహారమును లెక్కించెను. ఆదాయము తగ్గినకొలఁది రోగము హెచ్చినది. కొఱవడిన ద్రవ్యము నికోటినికామ్లమని 1937లో ఎల్వెహమ్ తేల్చునప్పటికి గోల్డ్‌బర్గర్ మరణించి యెనిమిదేండ్లయ్యెను. అనఁగా ద్రవ్యము పేరు దెలియకమునుపే, ఇంటి లెక్కలు చూచినవారు రోగమూలము గనిరి. రసాయనశాస్త్రమును దక్కువ చేయుట నా యుద్దేశము గాదు. క్రమ మట్లు జరిగినది.

అచ్చట రోగము మొక్కజొన్న తినువారిది. మన దక్కనులో జొన్న తినువారికిని వచ్చుచుండెను. జొన్నలో నికోటినికామ్లము మఱీ తక్కువ గాదు, మఱి రోగమేల? హైదరాబాదు సంస్థకుఁ జెందిన గోపాలన్, శ్రీకంటయ్య గారలు 1960లో, జొన్నలో ల్యూసిన్ అను ద్రవ్య మధికమగుటచే శరీరము దన కావశ్యకమైనదానిని నిర్మించుకొనఁజాలదని వాదించిరి. దీనిపైఁ బ్రపంచమం దేకాభిప్రాయము కుదురలేదు. ఆ రోగము మాత్రము తగ్గినది. తగ్గుటకుఁ బ్రధానకారణము మందుకంటె భోజనపు మార్పు గావచ్చునని నాకుఁ దోఁచును. కాలువనీటితో వరి వచ్చినది. 1983లోఁ గిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పలనాటివాఁడు జొన్నకూడు మఱచుచుండఁగా, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగఁ బ్రకటించినది. అందు జొన్నయుఁ జేరినది. మధుమేహము గలవారి కిపుడు వైద్యులే జొన్నరొట్టె తినుమనుచున్నారు. దోషము గింజలోనా, గింజ తప్ప వేఱేమియు లేని కంచములోనా యను ప్రశ్న కిది కొంత యుత్తరము.

కంచమనఁగానే జ్ఞప్తికి వచ్చునది బ్రహ్మనాయనిచాపకూడు. అన్నికులములవా రొకచాపపైఁ గూర్చుండి భుజించిరని పలనాటి వీరుల కథ చెప్పును. తిండిలో నేమున్నదని వైద్యుఁ డడుగును. ఎవరితోఁ దినిరని సమాజశాస్త్రజ్ఞుఁ డడుగును. మా వీరుల కథను అలిసెట్టి గాలెయ్యగారు పాడఁగా సేకరించి, అమెరికా పండితుఁడు జీన్ రోఘైర్ చేసిన పరిశోధనము 1982లో ఆక్స్‌ఫర్డున ముద్రితమైనది. వ్రాఁతప్రతులు చూచుకొను మాబోఁటివారికిఁ గథకుని నోటిమాటయుఁ బ్రమాణమని యది తెలిపినది. రోగిచెప్పు మాటకును వైద్యశాస్త్రమున నంత విలువ యున్నదా యని నాకు సందేహము గలదు.

ఇంతకును వ్యాకరణమున కిందుఁ బనియున్నదా? సాగరము క్రింద మునుఁగనున్న నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వఱకుఁ ద్రవ్వి చూచిరి. అచ్చటి శాసనమొకదాన ‘విగతజ్వరాలయ’ మను పదము గలదు. వైద్యచరిత్ర వ్రాసినవారు దీనిని జ్వరరోగుల శాల యనిరి. విగ్రహవాక్యము చెప్పి చూతము. విగతమైన జ్వరము గలవాఁడు విగతజ్వరుఁడు. వాని యాలయమనిన, జ్వరము వదలినవాఁ డుండుచోటు. అపు డది రోగులకుఁ గాక, కోలుకొనువారి కగును. జ్వరమనఁగా సంతాపమని గ్రహించిన, సంతాపము దొలఁగినవాఁడు బుద్ధుఁడే కావచ్చును. అపు డది గుడి. జ్వరము దొలఁగు నాలయమని కర్మధారయము చెప్పిన వైద్యశాలయే యగును. మూఁడును శబ్దమున కొప్పినవే. ఆ గది యెంత, అందుఁ బీఠముండెనా, పడుకొనుటకు దిన్నెలుండెనా, నీరు పోవు తూముండెనా యనునది త్రవ్వినవారు కొలతలతోఁ జెప్పవలసినది.