పాతబస్తీకి పద్యమూ తెలుసు!

ఛత్రినాక... లాల్‌దర్వాజ... గౌలిపురా... షాలిబండ. ఈ పేర్లు వినగానే గుర్తొచ్చేవి బోనాలూ, పోతరాజులూ, తీన్‌మార్ దరువులే. కానీ కవులూ కీర్తనకారుల కథలు ఈ చుట్టుపక్కలే అల్లుకున్నాయి. ముషాయిరాలు తెల్లవార్లూ సాగాయి. ఓ తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఏకంగా ఉద్యమమే నడిచింది. ఇంట్లో ఓ గది ఇచ్చి, నలుగురిని పోగేసి, సభలు పెట్టి భాషను నిలబెట్టుకున్న కథ ఇది.

ఆషాఢం వచ్చిందంటే ఛత్రినాక వీధులకు కొత్త కళ వస్తుంది. గోల్కొండలో మొదలైన బోనాలు సికింద్రాబాద్ మీదుగా పాతబస్తీకి చేరతాయి. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడి ముందు ఆడపడుచులు బారులు తీరతారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నదీమతల్లికి చీర, ముత్యాలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బోనమంటే మొక్కు ఒక్కటే కాదు. డప్పు, పాట, పోతరాజు వీరంగం, ఘటం ఊరేగింపు, రంగంలో భవిష్యవాణి... టికెట్టు లేకుండా వీధి మొత్తానికీ అందే కళాప్రదర్శన అది. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. బాగానే ఉంది. మరి ఆషాఢం వెళ్లిపోయాక? మిగిలిన పదకొండు నెలలూ పాట ఎక్కడ వినాలి, పద్యం ఎక్కడ చెప్పుకోవాలి?

ఆ ప్రశ్నకు పాతబస్తీ ఎప్పుడో సమాధానం చెప్పింది.

మాదన్న గుడి... మహారాజా దేవిడీ

ఛత్రినాకకు దగ్గర్లోనే, హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరుతో ఓ మహంకాళి గుడి ఉంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మాదన్న ప్రధాని. భద్రాచల రామదాసుగా మనం కొలిచే కంచెర్ల గోపన్నకు ఆ అన్నదమ్ములు మేనమామలు. చెరసాల గోడల మధ్య రామదాసు పాడుకున్న కీర్తనలు ఇవాళ తెలుగువాళ్లున్న ప్రతిచోటా వినిపిస్తున్నాయి.

అంతకు ముందు తరాల్లోనూ గోల్కొండకు తెలుగు పరాయిది కాదు. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానా'న్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో తొలి కావ్యంగా చెప్పే పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' అందుకున్నదీ ఓ ముస్లిం ప్రభువే... పటాన్‌చెరు ప్రాంతాన్ని ఏలిన అమీన్‌ఖాన్! ఇబ్రహీం కొడుకు, 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి. వసంతాల మీదా, వానాకాలం మీదా కవిత్వం చెప్పాడు.

ఇంకాస్త ఇటు వస్తే షాలిబండ. నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' అనే కలం పేరుతో ఉర్దూ, ఫార్సీల్లో కవిత్వం రాశారు. ఆయన ఆదరణ కోసం ఎక్కడెక్కడి కవులో హైదరాబాద్ దారి పట్టేవారు. కవి ఒక పాదం చదవగానే సభ మొత్తం దాన్ని అందుకోవడం, నచ్చితే 'ముకర్రర్' అంటూ మళ్లీ మళ్లీ చదివించుకోవడం... కవిత్వాన్ని పదిమందిలో కూర్చుని వినే అలవాటు ఈ నేలకు అలా అబ్బింది.

ఎగతాళికి జవాబు

ఇంత ఉన్నా, సామాన్యుడి తెలుగుకు మాత్రం చోటు కరువైంది. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. కానీ కచేరీల్లో, కోర్టుల్లో మొదట ఫార్సీ, తర్వాత ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా ఉర్దూలోనే. బడిలో తెలుగు అందని పిల్లాడు పుస్తకం కోసం ఎక్కడికెళ్లాలి?

1901 సెప్టెంబరు 1న రామ్‌కోటిలోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వెన్నుదన్నుగా నిలిచారు. 1904లో హనుమకొండలో, 1905లో సికింద్రాబాద్‌లో మరో రెండు వెలిశాయి. షాలిబండలో భారత గుణవర్ధక సంస్థ గ్రంథాలయం అప్పటికే ఉంది. తర్వాత అక్కడే బాలసరస్వతి ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. పేరుకు గ్రంథాలయాలే. కానీ వాటిలో వార్షికోత్సవాలు జరిగేవి. ఉపన్యాసాలుండేవి. పద్యాలు చదివేవారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అవి ఆనాటి కళాకేంద్రాలు.

వాటి అవసరం ఎంతటిదో 1921 నవంబరులో తేలిపోయింది. వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగిపోయాయి. ఆలంపల్లి వెంకట రామారావు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో గేలి, గోల! మాట సాగనివ్వలేదు. మనసు చివుక్కుమన్న తెలుగువాళ్లు కొందరు ఆ రాత్రే ఒకచోట చేరారు. ఆంధ్ర జనసంఘం అలా పుట్టింది. దాన్ని ముందుకు నడిపిన మాడపాటి హనుమంతరావు లాంటి పెద్దలు గ్రంథాలయాలు పెట్టించడాన్నే పెద్ద పనిగా పెట్టుకున్నారు. సభ జరపాలంటే సర్కారు అనుమతి తప్పనిసరి చేసిన 'గస్తీ నిషాన్ 53' రోజులవి. రాజకీయం మాట్లాడలేని చోట సాహిత్యమే నలుగురినీ కలిపింది.

'నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరు' అని ఓ పండితుడు రాసినప్పుడూ అంతే. గోల్కొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. కవులారా, మీ పద్యాలు పంపండి అని పిలుపునిచ్చారు. 1934లో 'గోల్కొండ కవుల సంచిక' అచ్చయింది. అందులో కవులు ఒకరు కాదు, ఇద్దరు కాదు... 354 మంది!

గది చిన్నదే... ఫలం పెద్దది

ఇలాంటి ఓ చిన్న గది ఏం చేయగలదో తెలియాలంటే సినారె సంగతి చూడాలి. సి.నారాయణరెడ్డి చదువు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. హైదరాబాద్ వచ్చాక శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయంలో కూర్చుని తెలుగు పుస్తకాలు తెగ చదివారు. ఆ కుర్రాడే 'విశ్వంభర' రాసి 1988కి జ్ఞానపీఠం అందుకున్నారు. ఉర్దూ గజల్‌ను తెలుగులో పాడి మెప్పించారు. దాశరథి మరో అడుగు వేసి, 'గాలిబ్ గీతాలు'గా మీర్జా గాలిబ్‌ను తెలుగింటికి తీసుకొచ్చారు. రెండు భాషలూ పక్కపక్కనే వినిపించే నగరం ఇచ్చిన వరమది.

సభలోని గొప్పదనం పుస్తకంలో దొరకదు. అష్టావధానమే తీసుకోండి. ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పొంతనలేని పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో అయితే అక్షరం అక్షరానికీ అడ్డుపుల్లే. మధ్యలో అప్రస్తుత ప్రసంగి లేనిపోని ప్రశ్నలతో అవధానిని ఆటపట్టిస్తుంటాడు. ఛందస్సు తెలియని పిల్లలూ పడీపడీ నవ్వుతారు. నవ్వుతూనే పద్యం వింటారు. ఇంటికెళ్లాక ఒకటో రెండో పదాలు గుర్తుంటాయి. వారసత్వం చేతులు మారేది అలాగే!

మళ్లీ ఆ గదులు కావాలి

పెద్ద ఉత్సవాలకు మనకు కొదవలేదు. 1975లో ప్రపంచ తెలుగు మహాసభలు హైదరాబాద్‌లోనే జరిగాయి. 2017 డిసెంబరులో ఐదు రోజులపాటు మరోసారి ఘనంగా చేశారు. 2014 నుంచి కాళోజీ జయంతి సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. 2024లో వరంగల్‌లో కాళోజీ కళాక్షేత్రం తలుపులు తెరుచుకున్నాయి. చార్మినార్ దగ్గర 1900లో కట్టిన సర్దార్ మహల్‌ను సాంస్కృతిక కేంద్రంగా తీర్చిదిద్దే పనులకు 2022లో శంకుస్థాపన చేశారు. అన్నీ మంచివే.

అయితే ఛత్రినాకలోని ఓ బడిపిల్లకు రవీంద్రభారతి మూసీకి అవతల ఉంది. సాయంత్రం ఆరింటికి మొదలయ్యే కార్యక్రమానికి వెళ్లి, ట్రాఫిక్ దాటుకుని తిరిగొచ్చేసరికి ఏ రాత్రవుతుందో! తోడుగా ఎవరు వెళ్తారు? ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే తల్లి వస్తుంది, పక్కింటి అవ్వ వస్తుంది, దుకాణం కట్టేసి నాన్న కూడా వస్తాడు.

దానికి కోట్లు అక్కర్లేదు. ఒక గది, ఓ మైకు, కొన్ని కుర్చీలు చాలు. పెళ్లిళ్లు లేని రోజున కమ్యూనిటీ హాలైనా, సెలవురోజున బడి వరండా అయినా సరిపోతుంది. బోనాలకు చందాలు పోగేసి, వేదిక కట్టి, వీధంతా దీపాలు పెట్టే కుర్రాళ్లు ఇక్కడ వాడవాడకూ ఉన్నారు. ఆ చేతులే నెలకోసారి ఓ ఒగ్గుకథ చెప్పించి, ఓ అవధానం పెట్టించి, తెలుగు కవినీ ఉర్దూ షాయర్‌నూ ఒకే వేదిక ఎక్కించలేవా? పిల్లలతో రామదాసు కీర్తనో, బతుకమ్మ పాటో పాడించలేవా?

పాత గ్రంథాలయాల బీరువాల్లో పుస్తకాలు మిగిలే ఉండొచ్చు. చదివే చప్పుడు లేకపోతే అవి కాగితాలే. ఒకనాడు తెలుగులో మాట్లాడితే గేలి చేశారని కోపమొచ్చి సభలు పెట్టుకున్నారు. ఇప్పుడు గేలి చేసేవాళ్లు లేరు. వినేవాళ్లు ఉంటే చాలు... పాతబస్తీ మళ్లీ పద్యం అందుకుంటుంది!