స్త్రీల సమాజము (తెలుగు క్రైస్తవ సంఘాలు)

స్త్రీల సమాజము అనగా తెలుగు ప్రొటెస్టెంటు క్రైస్తవ సంఘాలలో స్త్రీలు తామే నడుపుకొనే కూటమి. ప్రార్థన, బైబిలు పఠనం, రోగులను పరామర్శించడం వంటి వాటితో పాటు, ఊరిలోను దూర ప్రాంతాలలోను జరిగే మిషను సేవకు ధనధాన్యాలను సమకూర్చడం దీని ముఖ్యమైన పని. బాప్టిస్టు, లూథరన్ సంఘాలలో దీనిని స్త్రీల సమాజమనే వ్యవహరిస్తారు. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లో స్త్రీల మైత్రి అంటారు. మెథడిస్టు సంఘంలో డబ్ల్యు.ఎస్.సి.ఎస్. అనే పొడి అక్షరాల పేరే వాడుకలో ఉంది. పేరు ఏదైనా, సాధారణంగా ఈ కూటమికి సొంత కోశాధికారిణి, సొంత పద్దు పుస్తకం ఉంటాయి. సంఘం మొత్తానికి సంబంధించిన లెక్కలతో కలవని ఈ వేరు పద్దు చిన్న విషయంగా కనిపించినా, స్త్రీల సమాజాల చరిత్ర చాలావరకు దాని చుట్టూనే తిరిగింది.

నేపథ్యం

19వ శతాబ్దంలో అమెరికా, కెనడాలలోని మిషను బోర్డులు పురుషుల చేతులలో ఉండేవి. అవివాహిత స్త్రీలను విదేశాలకు పంపడానికి అవి వెనుకాడేవి. పంపవలసి వస్తే నిధులు లేవనేవి. దీనికి స్త్రీలు కనుగొన్న ఉపాయం తమ నిధిని తామే కూడబెట్టుకోవడం. 1869 మార్చిలో బోస్టన్ నగరంలో ఎనిమిది మంది మెథడిస్టు స్త్రీలు ఒక విదేశీ మిషను సంఘాన్ని స్థాపించారు. సభ్యురాలు వారానికి రెండు సెంట్లు, దానితో పాటు ఒక ప్రార్థన ఇవ్వడం వారి నియమం. మరుసటి సంవత్సరం జనవరికే వారు పంపిన ఇసబెల్లా థోబర్న్ అనే ఉపాధ్యాయురాలు, క్లారా స్వెయిన్ అనే వైద్యురాలు భారతదేశం చేరారు. 1871లో అమెరికన్ బాప్టిస్టు స్త్రీలు, 1879లో లూథరన్ స్త్రీలు ఇదే దారిలో నడిచారు.

కెనడాలో జరిగినది ఇంకా ఆసక్తికరం. నోవా స్కోషియాకు చెందిన హన్నా మరియా నోరిస్ బర్మాకు వెళ్ళగోరగా, బాప్టిస్టు బోర్డు తన వద్ద ధనం లేదని చెప్పి సంఘాలలోని స్త్రీలను అడగమన్నది. ఆమె అదే పని చేసింది. 1870లో కొద్ది నెలలలోనే ఊరూరా తిరిగి ముప్పైకి పైగా స్త్రీల సహాయ సమాజాలను నెలకొల్పి, ఆ యేడే ఓడ ఎక్కింది. తరువాత ఆమె విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడి కొంతకాలం తెలుగు దేశంలో పనిచేసింది. మళ్ళీ బర్మా చేరి, కూలి పనులకు అక్కడికి వలసపోయిన తెలుగువారు, తమిళుల మధ్య సేవ సాగించింది.

తెలుగునాట తొలి దశ

తెలుగువారి మధ్య 1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషను మొదటి ఇరవై ఏళ్ళు ఫలితం లేక మూతపడే స్థితికి వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు వద్ద కొండపై జరిగిన ప్రార్థన ఆ మిషను చరిత్రలో ప్రసిద్ధమైనది. ఆనాడు కొండ ఎక్కినవారు ఐదుగురే. వారిలో జ్యూయెట్ దొర, ఆయన భార్య కాక జూలియా, రూతు అనే ఇద్దరు దేశీయ స్త్రీలు ఉన్నారు. అప్పటికి స్త్రీల సమాజాలు పుట్టనే లేదు.

సమాజాల నిధుల ప్రభావం ఎక్కువగా కనిపించినది వైద్య రంగంలో. పరదా పాటించే కుటుంబాలలో పురుష వైద్యుడు రోగిని చూసే వీలు లేకపోవడంతో స్త్రీ వైద్యుల అవసరం ఏర్పడింది. లూథరన్ స్త్రీల సంఘం పంపగా డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరింది. ఆమె వైద్య పట్టా పొందినదే అయినా మొదట ఇచ్చినది బోధన పని. వైద్య సేవకు బోర్డు ఇంకా సిద్ధపడలేదు. అయినా రోగులు ఆమెను వెదుక్కుంటూ వచ్చారు. 1885లో వైద్య మిషనరీగా అధికారికంగా నియమించారు. ఆసుపత్రి 1898లో తెరవబడింది. ఆమె 1930లో గుంటూరులోనే మరణించింది. ఆసుపత్రి నేటికీ ఆమె పేరుతోనే ప్రసిద్ధం.

గోదావరి మండలంలో పిఠాపురం, ఆకివీడు ఆసుపత్రుల వెనుక కెనడా బాప్టిస్టు స్త్రీల సహాయం ఉంది. నిజాం రాజ్యంలో మెనోనైట్ బ్రెదరెన్ మిషను వైద్యురాలు కాథరీనా షెలెన్‌బర్గ్ శంషాబాదులో పనిచేసింది. హైదరాబాదు అబిడ్స్‌లోని స్టాన్లీ బాలికల పాఠశాల (1895) మెథడిస్టు స్త్రీల సంఘం చలవే.

ఈ సంస్థల పక్కనే నడిచి, అంతగా పేరు దక్కనివారు బైబిలు స్త్రీలు. చదవడం నేర్చి, ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు అక్షరాలు, పాటలు, బైబిలు కథలు నేర్పిన దేశీయ క్రైస్తవ స్త్రీలు వీరు. చాలామందికి జీతం విదేశీ స్త్రీల సమాజాల చందాల నుండి వచ్చేది. ఆ సమాజాలకు వెళ్ళిన నివేదికలలో మిషనరీల పేర్లు పూర్తిగాను, బైబిలు స్త్రీల పేర్లు తరచు ఒంటి మాటగాను, కొన్నిచోట్ల కేవలం సంఖ్యగాను కనిపిస్తాయి.

పిడికెడు బియ్యం

ధనం అటు నుండి ఇటు రావడమే కాక తెలుగు స్త్రీలే దాతలుగా మారిన ఘట్టానికి గుర్తు పిడికెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. వారాంతంలో ఆ బియ్యాన్ని గుడికి తెచ్చి కొలుస్తారు. దానిని అమ్మి సొమ్ము చేయడమో, ఉపదేశికి భృతిగా ఇవ్వడమో జరుగుతుంది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.యస్. అజరయ్య తన అధ్యక్ష మండలంలో ఈ అలవాటును ఎంతగానో ప్రోత్సహించాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. బీదవాడు కూడా ఇవ్వగలడని, ఇవ్వనిదే సంఘం తన కాళ్ళపై నిలవదని ఆయన వాదన. క్రైస్తవ దాతృత్వంపై ఆయన ప్రత్యేకించి ఒక గ్రంథమే రాశాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య పనిలో ముందుండేది. దోర్నకల్‌లో ఉపదేశుల శిక్షణకు వచ్చినవారి భార్యలకు కూడా చదువు చెప్పేవారు.

ఈ పద్ధతి పల్లెలలో ఎందుకు నిలిచినదో గ్రహించడం కష్టం కాదు. ఆనాటి క్రైస్తవులలో అధికులు దళిత వ్యవసాయ కూలీలు; కూలి చాలావరకు గింజల రూపంలో ముట్టేది. రొక్కం చేతికొచ్చినా అది మగవారి వద్ద ఉండేది. పొయ్యి దగ్గర కొలత మాత్రం ఇల్లాలిది. పిడికెడు తీయడానికి ఆమె ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. పిడికెడు 40 గ్రాములనుకుంటే రోజుకు రెండు పూటల చొప్పున వారానికి ఒక ఇంటి నుండి 560 గ్రాములు. 30 ఇళ్ళ పేట నుండి దాదాపు 17 కిలోలు. ఒక కుటుంబం వారం తినే తిండి అది. అయితే ఆ పిడికెడు మిగులు నుండి కాక, చాలా ఇళ్ళలో ఇల్లాలి కంచం నుండే తగ్గేదన్న సంగతి మరువరాదు.

ఈ ఆచారం తెలుగునాటికే పరిమితం కాదు. మిజోరంలో 1910లో మొదలైన పిడికెడు బియ్యం సేకరణ నేటికీ అక్కడి సంఘాలకు ప్రధాన ఆదాయాలలో ఒకటి. తెలుగు సంఘాలలో దీనితో పాటు కోత పండుగకు ధాన్యం, కూరగాయలు, కోళ్ళు తెచ్చి గుడి ముందు వేలం వేసే అలవాటు కూడా ఉంది.

దూరదేశాలతో సంబంధం

తెలుగు బాప్టిస్టులు తమ స్వదేశీ మిషను సంఘం తరఫున నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు. అక్కడి చెరకు తోటలలో పనిచేసే తెలుగువారి మధ్య ఆయన సంఘాలను స్థాపించాడు. విదేశీ మిషనరీలను చూసిన తెలుగు సంఘాలు తామే మిషనరీని పంపిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

మార్చి నెల మొదటి శుక్రవారం స్త్రీల సమాజాలు జరిపే ప్రపంచ ప్రార్థన దినానికీ తెలుగువారితో ఒక లంకె ఉంది. 1927 నుండి ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్న ఈ దినానికి మార్గం వేసినవారిలో లూసీ పీబాడీ ఒకరు. ఆమె 1881లో మొదటి భర్త నార్మన్ వాటర్‌బరీతో మద్రాసు వచ్చి అక్కడి తెలుగువారి మధ్య పనిచేసింది. 1886లో భర్త మరణించగా పిల్లలతో స్వదేశం చేరి, బాప్టిస్టు స్త్రీల మిషను సంఘంలో నాయకురాలైంది.

అతి చిన్న నాణెపు సహవాసం భారతీయ స్త్రీ ఆలోచన నుండి పుట్టింది. 1956లో ఆసియా దేశాలలో పర్యటిస్తున్న స్త్రీల బృందంలో శాంతి సాలమన్ ఒకరు. కొరియాకు వీసా దొరకక మనీలాలో ఆగిపోయిన ఆమె, సరిహద్దులు దాటలేనివారి ప్రార్థనైనా దాటాలని తలచింది. ప్రతి స్త్రీ ప్రార్థించిన ప్రతిసారీ తన దేశపు అతి చిన్న నాణేన్ని పక్కన పెట్టాలని సూచించింది. ధనికురాలు ఎక్కువ ఇవ్వలేదు, బీదరాలు తక్కువ ఇవ్వలేదు. ఈ సమానత్వమే దీని ప్రత్యేకత. 2011 జూన్ 30 నుండి భారతదేశంలో 25 పైసలు, అంతకు తక్కువ నాణేల చెలామణి నిలిచిపోయింది. చట్టప్రకారం నేడు అతి చిన్న నాణెం అర్ధ రూపాయి అయినా, అది చేతికి దొరకడం అరుదు.

నిధిపై అధికారం

పాశ్చాత్య దేశాలలో 20వ శతాబ్ది మధ్యకు స్త్రీల బోర్డులు చాలావరకు సాధారణ బోర్డులలో విలీనమయ్యాయి. అమెరికన్ బాప్టిస్టులలో ఇది 1955లో జరిగింది. పని ఏకమైంది గాని, ధనం ఎక్కడ ఖర్చు కావాలన్న నిర్ణయం స్త్రీల చేయి దాటింది. తెలుగు సంఘాలలో వేరు పద్దు నిలిచే ఉన్నా, సంఘ పాలక కమిటీలలో పురుషులదే మెజారిటీ కావడంతో ఇటువంటి ప్రశ్నే తలెత్తుతూ ఉంటుంది. సి.ఎస్.ఐ. 1976లో స్త్రీలకు గురు అభిషేకం ప్రారంభించింది. బిషప్పు పదవికి మాత్రం మరి 37 ఏళ్ళు పట్టింది: 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యారు.

నగర శివార్లలో: మూసాపేట

హైదరాబాదులో ముంబయి రహదారిపై ఉన్న మూసాపేట సి.ఎస్.ఐ. మెదక్ అధ్యక్ష మండలం పరిధిలోని ప్రాంతం. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక వాడలకు కార్మికులు రావడంతో ఈ ఊరు పెరిగింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ ఉద్యోగులు, ఆ ఇళ్ళలో పనిచేసేవారు కూడా చేరారు. 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. 2017లో మెట్రో వచ్చింది.

ఇటువంటి శివార్లకు కోస్తా, తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన స్త్రీలు తమ ఊరి సమాజం అలవాట్లను వెంట తెస్తారు. కాని వారం మధ్యలో మధ్యాహ్నం జరిగే కూడిక షిఫ్టు ఉద్యోగినులకు, నర్సులకు, ఇళ్ళలో పనిచేసేవారికి కుదరదు. కొలిచే ముంత స్థానంలో కవరు, ఆపై ఫోనులో చెల్లింపు వచ్చాయి. బ్యాంకు ఖాతాకు చేరిన సొమ్ములో స్త్రీల కానుక ఏది, సంఘ కానుక ఏది అన్నది వేరుగా రాస్తేనే తెలుస్తుంది. మరోవైపు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) కింద, ముఖ్యంగా 2020 సవరణ తరువాత, విదేశీ నిధిని ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మార్చే వీలు లేదు. అందువల్ల పల్లె ఉపదేశి భృతికి, పేద పిల్లల ఫీజులకు స్థానిక స్త్రీల పద్దుపై పడే భారం పెరిగింది.