మా అయ్య పింఛను అప్పీలు ఎలా రాశానంటే



మాది పాడేరు అవతల కొండ మీది ఊరు. మా అయ్యకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. సదరం సర్టిఫికెట్ ఉంది, దాని మీద పింఛను వస్తుంది. ముందు 3,000 వచ్చేది, 2024 జూలై నుంచి 6,000 రూపాయలు. మా ఇంట్లో నెలనెలా చేతికి వచ్చే డబ్బు అదొక్కటే.

2025లో ప్రభుత్వం ఈ పింఛన్లు మళ్ళీ తనిఖీ చేయించింది. డాక్టరు చూశాక ఆగస్టులో మాకు నోటీసు వచ్చింది. వైకల్యం 40 శాతం కన్నా తక్కువ, పింఛను ఆపుతాము, ఒప్పుకోకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోండి అని ఉంది. అయ్యకు చదువు రాదు. మడిచి చూరులో పెట్టేశాడు. వినాయక చవితి సెలవుకి నేను వెళ్ళి చూసేసరికి పన్నెండు రోజులు అయిపోయాయి! అందుకే చెప్తున్నా, ఇంటికెళితే ముందు చూరులో కాగితాలు చూడండి, తేదీ చదవండి.

పేరు, ఆధార్ నంబరు, పింఛను నంబరు, సర్టిఫికెట్ నంబరు రాయడం తేలికే. అయితే ఆధార్‌లో మా ఇంటిపేరు ఒకలాగ, సర్టిఫికెట్‌లో ఇంకోలాగ ఉంది. ఆధార్‌లో ఉన్నట్టే రాసి, ఇద్దరూ ఒకరే అని కింద ఒక ముక్క రాశాను. సర్టిఫికెట్‌లో తాత్కాలికం అని ఉందా, శాశ్వతం అని ఉందా అని కూడా చూడాలి. తాత్కాలికమైతే గడువు తేదీ ఉంటుంది. మా అయ్యది శాశ్వతం, అది కూడా రాశాను.

కష్టమంతా కారణం రాసే దగ్గరే. నేను "మేము చాలా బీదవాళ్ళము, దయ చూపండి" అని రాశాను. సచివాలయంలో ఒక అక్క చదివి, "బీదతనం కాదమ్మా, కాలు గురించి రాయి" అంది. అయ్యని అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అన్నాడు. డాక్టరు దగ్గర కూడా ఇదే అన్నాడట. నాకు కోపం వచ్చింది. ఇంక అడగకుండా ఒక రోజంతా వెనకాలే తిరిగి చూశాను. గొంతుక్కూర్చుని కలుపు తీయలేడు, ఒక పక్కకి కాలు చాపుకుంటాడు. ఊట దగ్గర నుంచి బిందె తేలేడు. సంతకి దిగేటప్పుడు నాలుగుచోట్ల కూర్చున్నాడు. వాన పడితే కర్ర ఉన్నా జారతాడు. అవన్నీ రాసి చదివి వినిపిస్తే, "ఇవి కూడా రాస్తావేటి, ఊరు నవ్వుద్ది" అన్నాడు. చాలాసేపటికి వేలిముద్ర వేశాడు.

నోటీసు, ఆధార్, పాత సర్టిఫికెట్ జిరాక్సులు పెట్టి ఎం.పి.డి.ఓ. ఆఫీసులో ఇచ్చాము. రసీదు అడిగి తీసుకున్నాను. అసలు సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు, మీరూ ఇవ్వొద్దు.

ఇంకొక మాట. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016 చట్టంలో 21 ఉన్నాయి, అందులో సికిల్ సెల్ కూడా ఉంది. మన మన్యంలో ఆ జబ్బు ఉన్నవాళ్ళు చాలామంది కదా.

తరవాత మళ్ళీ పరీక్షకు పిలిచారు. మేడం గారు సెలవు ఇచ్చారు, నేను కూడా వెళ్ళాను. డాక్టరు గారు "నడవగలవా?" అనగానే అయ్య "పర్వాలేదు బాబూ" అనబోయాడు. వెనక నుంచి గిల్లాను. అప్పుడు నాలుగుచోట్ల కూర్చుంటానని చెప్పాడు. ఎంత శాతం వేశారో ఇంకా తెలియలేదు.

అప్పీలు నకలు నా ట్రంకుపెట్టెలో ఉంది. కావలసినవాళ్ళు చూసి రాసుకోండి.