గుండీ పట్టేంత సందు, నలభై ఐదేళ్ల లెక్క

గుండె ఎకో రిపోర్టులో అక్షరాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. ఇంట్లోవాళ్లు చదువుకోగలిగేది అందులోని అంకెలనే. మైట్రల్ వాల్వు వైశాల్యం 0.9 చదరపు సెంటీమీటరు అని ఉందనుకుందాం. మామూలుగా అది 4 నుంచి 6 దాకా ఉండాలి. ఒక ఐదు రూపాయల బిళ్ల చేతిలోకి తీసుకోండి. దాని అడ్డుకొలత కనీసం 23 మిల్లీమీటర్లు, వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. బాగున్న వాల్వు తెరుచుకుంటే ఆ బిళ్ల పట్టేంత దారి ఉంటుంది. 0.9 అంటే చొక్కా గుండీ పట్టేంత. ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే రక్తమంతా ఆ గుండీ సందులోంచే పోవాలి. మెట్లెక్కితే దమ్ము రావడం, వెల్లకిలా పడుకుంటే దగ్గు, నాట్లకు వంగి లేస్తే గుండె దడ, అన్నీ ఆ సందు ఇరుకు వల్లే.

ఇలాంటి రిపోర్టు పట్టుకుని బాన్సువాడ బస్టాండులో దిగేది అరవై దాటిన పెద్దమనిషే అనుకుంటాం. గుండె జబ్బంటే ముసలితనం, షుగరు, పొగ అనే మాట మన బుర్రల్లో పాతుకుపోయింది. వాల్వు జబ్బు సంగతి వేరు. 2015లో అచ్చయిన రెమెడీ అధ్యయనం మన దేశంతో కలిపి 14 దేశాల్లో, చిన్ననాటి జ్వరంతో వాల్వులు చెడే రుమాటిక్ గుండె జబ్బున్న 3,343 మందిని పరిశీలించింది. వాళ్లలో సగం మంది వయసు 28 లోపే. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. రెండేళ్లు గమనిస్తే నూటికి దాదాపు 17 మంది చనిపోయారు. పెళ్లి మాటలు నడిచే వయసు, మొదటి కాన్పు వయసు, గల్ఫ్ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగే వయసు. సరిగ్గా అప్పుడే ఈ జబ్బు బయటపడుతుంది.

మొదలు మాత్రం బడి రోజుల్లోనే. ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవితో గొంతునొప్పి వస్తుంది. పిల్లలు కిక్కిరిసి ఉండే ఇళ్లలో, హాస్టళ్లలో ఇది తొందరగా అంటుకుంటుంది. రెండు మూడు వారాల తర్వాత కొందరికి జ్వరం వచ్చి, ఇవాళ మోకాలు, ఎల్లుండి మణికట్టు అన్నట్టు కీళ్లు వాస్తాయి. సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన శరీరం తన సొంత గుండె కణజాలం మీదే పడుతుంది. కీళ్ల వాపు పోతుంది, అందరూ మరిచిపోతారు. వాల్వు రెక్కలు మాత్రం పదేళ్లు, ఇరవై ఏళ్లు కొద్దికొద్దిగా గట్టిపడి, అంచులు అతుక్కుపోతాయి. ప్రపంచంలో దాదాపు 4 కోట్ల మంది ఈ జబ్బుతో ఉన్నారని, ఏటా 3 లక్షల మంది చనిపోతున్నారని అంచనా. 2018 మేలో ప్రపంచ ఆరోగ్య సభ దీని మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. రుమాటిక్ జబ్బు కాక, పుట్టుకతోనే బృహద్ధమని వాల్వుకు మూడు రెక్కల బదులు రెండే ఉండేవాళ్లు నూటికి ఒకరిద్దరు ఉంటారు. వాళ్లలో కొందరికీ నడివయసు రాకముందే వాల్వు చెడుతుంది.

మా వైపు రుమాటిక్ వాల్వు జబ్బును ఆలస్యంగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉందని నా నమ్మకం. నిజాంసాగర్ కాలువల కింద వరి పొలంలో పనిచేసే మనిషికి దమ్ము వస్తే పక్కన నాటు వేసే వాళ్లకు కనిపిస్తుంది. ఇంట్లో గోడకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మాయి రోజంతా కూర్చునే ఉంటుంది. గుండె ఇబ్బంది పడుతున్న సంగతి ఆమెకే తెలియదు. కడుపుతో ఉన్నప్పుడు శరీరంలో రక్తం దాదాపు సగం పెరుగుతుంది, ఆ గుండీ సందు ఇక చాలదు. అప్పుడు ఐదో నెలలోనో ఆరో నెలలోనో ఒక్కసారిగా ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

వాల్వు మార్చాలి అనగానే ముందు అడగాల్సింది ఒకటుంది: బెలూన్‌తో అవుతుందా, బాగుచేయడానికి వీలుందా? రెక్కలు అతుక్కుని, వాల్వు మరీ సున్నం కట్టకుండా, లీకు పెద్దగా లేకుండా ఉంటే తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి ఆ అతుకులు విడదీస్తారు. జపాన్ సర్జన్ కాంజి ఇనోవే 1980ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది. గుండీ సందు దాదాపు రెట్టింపవుతుంది, ఛాతీ కోయరు, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కొందరికి పదేళ్లకు పైగా అదే సరిపోతుంది. లీకు ఎక్కువగా ఉన్నవాళ్లలో కొందరికి సొంత వాల్వునే కుట్టి సరిచేయొచ్చు. వయసులో ఉన్నవాళ్లకు సొంత వాల్వుతో గడిచే ప్రతి ఏడూ లాభమే.

ఈ రెండూ కుదరనప్పుడే కొత్త వాల్వు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి లోహం, కార్బన్‌లతో చేసిన మెకానికల్ వాల్వు. రెండోది పశువు గుండె చుట్టూ ఉండే పొరతోనో, పంది వాల్వుతోనో చేసే టిష్యూ వాల్వు. మొదటిది అరగదు, కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. రెండోదానికి ఆ మందు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు చాలు, కానీ అది పాడైపోతుంది. ఎంత చిన్న వయసులో పెడితే అంత త్వరగా పాడవుతుంది. అమెరికా గుండె వైద్యుల మార్గదర్శకాల ప్రకారం టిష్యూ వాల్వు చెడి 15 ఏళ్లలోపు మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం 50 ఏళ్ల మనిషికి 22 శాతం, 40 ఏళ్ల మనిషికి 30 శాతం, 20 ఏళ్ల మనిషికి 50 శాతం.

ఈ అంకెలను పాతికేళ్ల అమ్మాయికి అన్వయించి చూద్దాం. ఆమె డెబ్బై దాకా బతకాలి, అంటే 45 ఏళ్లు. టిష్యూ వాల్వు అయితే ఇప్పుడు ఒకసారి, నలభైకి అటూఇటుగా ఇంకోసారి, ఆ తర్వాత ఒకటో రెండో ఆపరేషన్లు. ఛాతీ ఎముక తెరిచిన ప్రతిసారీ తర్వాతి ఆపరేషన్ ఇంకాస్త కష్టమవుతుంది. మెకానికల్ వాల్వు అయితే బహుశా ఈ ఒక్క ఆపరేషనే. బదులుగా 16,425 రోజులు మాత్ర, నెలకోసారి చొప్పున 540 రక్తపరీక్షలు. మందు వాడుతున్నా ఏటా నూటికి ఒకరిద్దరికి పెద్ద రక్తస్రావమో, గడ్డకట్టి పక్షవాతమో వచ్చే ముప్పు. అందుకే యాభై లోపు వయసువాళ్లకు డాక్టర్లు సాధారణంగా మెకానికల్ వైపే మొగ్గుతారు. అయినా ఈ నిర్ణయం ఆపరేషన్ చేసే డాక్టరు ఒక్కరిదే కాకూడదు. ఆ 45 ఏళ్లు బతకాల్సింది ఆమె. ఆ అంకెలన్నీ ఆమెతోనే, ఆమె మాటల్లోనే చెప్పాలి. గదిలో తండ్రో మొగుడో ఉన్నాడని వాళ్లకు మాత్రమే చెప్పి పంపించడం నేను ఒప్పుకోలేను.

మెకానికల్ వాల్వు అనగానే ఫారిన్ సరుకని చాలామంది అనుకుంటారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మన దేశపు మెకానికల్ వాల్వు కోసం ఏళ్ల తరబడి శ్రమపడింది. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషి గుండెలో అమర్చారు. ఇప్పటికి లక్షకు పైగా చిత్ర వాల్వులు పెట్టారు. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష దాటుతుంది, 45 ఏళ్లకు దాదాపు 170 కోట్లు. వాల్వులోని చిన్న బిళ్ల అన్నిసార్లూ తెరుచుకుని మూసుకోవాలి. మెకానికల్ వాల్వు ఉన్నవాళ్లు కొందరు రాత్రి నిశ్శబ్దంలో దాని టిక్ టిక్ వింటారు. మొదటి నెలల్లో నిద్ర పట్టదు. ఆ తర్వాత అది వినిపిస్తేనే ధైర్యంగా ఉంటుందనేవాళ్లూ ఉన్నారు.

ఇక ఐఎన్‌ఆర్. ఈ కథనంలో ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే పెట్టుకోండి. రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే కొలత ఇది. గడ్డకట్టకుండా మందు వాడని మనిషికి 1 దగ్గర ఉంటుంది. బృహద్ధమని దగ్గర మెకానికల్ వాల్వు ఉంటే సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ దగ్గరైతే 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం. రెమెడీ అధ్యయనంలో ఈ మందు వాడేవాళ్లలో ఐఎన్‌ఆర్ సరైన హద్దుల్లో ఉన్నది 28 శాతం మందికే. ఆ అంకె చదివిన రోజు చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. అంత పెద్ద ఆపరేషన్ దాటి వచ్చి, ఒక చిన్న రక్తపరీక్ష దగ్గర ఓడిపోవడమా!

గడ్డకట్టకుండా మన దగ్గర ఎక్కువగా రాసే మందులు ఎసిట్రోమ్, వార్ఫరిన్. రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. ఆకుకూరలు పూర్తిగా మానేయమని ఊళ్లో చెబుతారు, అది సరికాదు. గోంగూర, పాలకూర, మునగాకుల్లోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది నిజమే. కానీ వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే తినండి, ఎన్నడూ లేనట్టు వారమంతా అదే కూర వండుకోవద్దు. ఒళ్లునొప్పులకు అడక్కుండా డైక్లోఫెనాక్ మింగడం, నాటుమందు వాడటం ప్రమాదం. పరీక్ష గొడవ లేని కొత్త మందులున్నాయని ఎవరైనా చెప్పినా మెకానికల్ వాల్వుకు అవి పనికిరావు. వాటిలో ఒకటైన డబిగాట్రాన్‌ను ఇలాంటి రోగుల మీద పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరిగాయి, ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

హైదరాబాద్ మా బాన్సువాడకు నూటయాభై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. నెలనెలా పరీక్షకు అక్కడికే వెళ్లాలంటే ఏడాదికి 3,600 కిలోమీటర్లు, 12 రోజుల కూలి. ఎవరూ అలా కొన్నేళ్లు కూడా చేయలేరు. రక్తం ఇక్కడో నిజామాబాద్‌లోనో ఇచ్చి, ఆ అంకె డాక్టరుకు ఫోన్లో పంపి, మోతాదు మార్చాలా అని అడిగే ఏర్పాటు డిశ్చార్జి రోజే మాట్లాడుకోవాలి. ల్యాబ్ మాటిమాటికీ మార్చకపోతే మంచిది.

పిల్లల సంగతి ఆపరేషన్‌కు ముందే మాట్లాడాలి. గర్భం ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య వార్ఫరిన్ రకం మందులు బిడ్డకు హాని చేస్తాయి. రోజుకు 5 మిల్లీగ్రాముల లోపు వార్ఫరిన్‌తో సరిపోయేవాళ్లకు ఆ ముప్పు తక్కువ. కొందరికి ఆ వారాల్లో హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు. తల్లి తనంతట తాను మందు ఆపేస్తే ఆమె వాల్వు మీద గడ్డ కట్టొచ్చు. అందుకే కొందరు అమ్మాయిలు, మళ్లీ ఆపరేషన్ పడుతుందని తెలిసే, కాన్పులయ్యేదాకా అని టిష్యూ వాల్వు ఎంచుకుంటారు. తెలిసి చేసుకున్నప్పుడు అది తప్పు నిర్ణయం కాదు. పెళ్లిచూపుల్లో ఛాతీ మీది గీతను దాచి, అత్తింట్లో మాత్రలు చాటుగా మింగాల్సి రావడమే అసలు ప్రమాదం.

ఆపరేషన్ మూడు నాలుగు గంటలు. గుండెను ఆపి, ఆ పని యంత్రానికి అప్పగిస్తారు. అమెరికా సర్జన్ల లెక్కల్లో అన్ని వయసులూ కలిపి బృహద్ధమని వాల్వు మార్పిడిలో నూటికి సుమారు ఇద్దరు, మైట్రల్ అయితే నలుగురైదుగురు చనిపోతారు. వయసు తక్కువై, గుండె బలం తగ్గకముందే చేస్తే ముప్పు ఇంకా తగ్గుతుంది. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా నీళ్ల బిందె ఎత్తకూడదు, బండి నడపకూడదు. ఖర్చు సంగతి: 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో వాల్వు మార్పిడి ఉంది. తెలంగాణలో పథకం పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. పుట్టపర్తిలోని సత్యసాయి ఆస్పత్రి 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది.

వాల్వు మార్చాక పెన్సిలిన్ ఇంజక్షన్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. రుమాటిక్ జబ్బు మళ్లీ తిరగబడితే మిగిలిన వాల్వులు దెబ్బతింటాయి. బెంజథిన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు, మూడు నాలుగు వారాలకోసారి, సాధారణంగా కనీసం నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా. పాతికేళ్ల అమ్మాయికి 21 రోజులకోసారి అంటే దాదాపు 260 ఇంజక్షన్లు. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్లకు కండకు సూది వేసేముందు ఐఎన్‌ఆర్ హద్దులో ఉందో లేదో చూడాలి. పన్ను పీకించుకునే ముందు కూడా వాల్వు సంగతి చెప్పాలి, ఇన్ఫెక్షన్ రాకుండా ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు.

ఆస్పత్రి ఇచ్చే కార్డులో వాల్వు పేరు, సైజు, పెట్టిన తేదీ ఉంటాయి. దాన్ని ల్యామినేషన్ చేయించండి. అంతకుముందే వెనక మందు మోతాదు, ఐఎన్‌ఆర్ హద్దులు పెన్నుతో రాయండి. కార్డు పర్సులో, దాని జిరాక్సు కాపీ బియ్యం డబ్బా పక్కన గోడకు. అర్ధరాత్రి ముక్కులోంచి రక్తం ఆగకపోతే ఊళ్లో డాక్టరు మొదట అడిగేది అదే కార్డు.